ఇంటి ముంగిట ముచ్చట్లు: ఎర్రోడిని సాగనంపిన సంగతి



పోయిన నెల ఈ పేజీలో చింతపండు నిల్వ చేసుకునే పద్ధతి గురించి రాశాను. ఈ నెల ఒక కోడిపుంజు గురించి రాస్తున్నాను. "అమ్మగారికి ఇంతకంటే మంచి సంగతి దొరకలేదా" అని నవ్వకండి. మన సీమ పల్లెల్లో కోడి లేని ఇల్లు ఎన్ని ఉంటాయి? శనగ పంట చేతికి రాని ఏడు గుడ్లమ్మి పిల్లలకు నోటు పుస్తకాలు కొన్న తల్లులు మీలో ఎంతమంది లేరు! ఇంట్లో పది కోళ్ళుంటే అందులో ఒకదానిమీద పిల్లలు ప్రాణం పెట్టుకుంటారు. ఏదో ఒక రోజు దాన్ని ఇంట్లో నుండి పంపించవలసి వస్తుంది. ఆ రోజు పెద్దవాళ్ళం ఏం చేస్తాం? పిల్లలకు ఏం చెబుతాం? ఈ నెల ముచ్చట అదే.

మాది కోవెలకుంట్లకు, జమ్మలమడుగుకు మధ్య నల్లరేగడి నేలల్లో ఒక పల్లె. నాలుగేళ్ళ క్రిందట, ఈస్టరు రోజుల్లో, మా పొదుగు కోడిని ముంగిస చంపింది. పిల్లలన్నీ చెల్లాచెదురై పోయాయి. తెల్లారి చూస్తే గాబు పక్కన ఒక్కటే మిగిలి కీచుకీచుమంటోంది. నా మనవడికి అప్పుడు ఆరేళ్ళు. వాడు దాన్ని దోసిట్లో పెట్టుకుని తెచ్చి, "జేజీ, దీనికి అమ్మ లేదు" అన్నాడు. పాత చీర ముక్క వేసిన బుట్టలో పెట్టి, పొయ్యి ఆరిన తర్వాత వెచ్చగా ఉండేలా పొయ్యిగడ్డ పక్కనే ఉంచాం. కొర్ర నూకలు పెట్టాం. మా అమ్మ చేసిన పద్ధతిలోనే, పాత కుండలో పేడ, చొప్ప ముక్కలు వేసి తడిపి, చెదలున్న చోట రాత్రి బోర్లించేదాన్ని. తెల్లారేసరికి కుండనిండా చెదలు. వాటిని తిని ఆ పిల్ల ముద్దగా పెరిగింది.

పెరిగి పుంజయింది. ఎర్రటి ఈకలు, నల్లటి తోక. వాడు దానికి పెట్టిన పేరు ఎర్రోడు. బడి విడిచే వేళకు వేపచెట్టు కింద నిలబడి, మనవడు సందు మలుపు తిరగగానే రెక్కలు విదిల్చి ఎదురు పోయేది. వాడు సంచి కింద పెట్టి, జేబులో దాచిన సజ్జలు చేతిలో పోసి తినిపించిన తర్వాతే ఇంట్లోకి వచ్చేవాడు.

అంత బాగుంటే పంపించడం ఎందుకు అంటారా? చెబుతాను.

పోయిన సంవత్సరం ఒక పెట్టను పన్నెండు గుడ్లమీద పొదగేశాం. అంతకు ముందు పన్నెండుకు పది పిల్లలయ్యేవి. ఈసారి ఇరవై ఒక్క రోజులు దాటాక చూస్తే ఐదే. ఆ ఐదింటిలో రెండింటికి కాళ్ళు వంకర. నిలబడలేక నాలుగు రోజులకే చచ్చిపోయాయి. ఇంకొక పెట్టను పొదగేస్తే అదే తీరు. పశువుల ఆసుపత్రి నుండి ఊరికి టీకాలు వేయడానికి వచ్చిన అబ్బాయిని అడిగాను. ఆయన ముంగిట్లో తిరిగే పెట్టలను చూసి, "ఇవి ఎవరి పిల్లలమ్మా?" అన్నాడు. ఆరు పెట్టల్లో నాలుగు ఎర్రోడి పిల్లలే. "గుడ్లు పాతబడినా, ఎండ ఎక్కువైనా పిల్లలు తగ్గుతాయి. కానీ తండ్రి పుంజే కూతురు పెట్టలతో కలిస్తే రక్తం దగ్గరై పిల్లలు బలహీనంగా పుడతాయి. ముందు పుంజును మార్చండి. పుంజు లేకపోయినా గుడ్లు పెడతాయి, తినడానికి పనికొస్తాయి. పిల్లలు కావాలంటే మాత్రం వేరే ఊరి పుంజు కావాలి" అని చెప్పాడు. పెరటి కోళ్ళకు ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలని, ఏడాదిన్నర రెండేళ్ళకు ఒకసారి పుంజును బయటనుండి మార్చుకోవాలని కూడా చెప్పాడు. మేము ఎర్రోడిమీది ప్రేమతో మూడేళ్ళు దాటించాం.

దానికి తోడు ఎర్రోడికి వయసు పొగరు కూడా వచ్చింది. పక్కింటి చిన్నపాప నూకలు చల్లుతుంటే ఎగిరి కాలి ముల్లుతో పిక్కమీద గీరింది. అదే కంటికి తగిలి ఉంటే ఏం చేసేవాళ్ళం? ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాం.

ఆ రాత్రి నా కొడుకు మెల్లగా అన్నాడు: "అమ్మా, వానికి చెప్తే ఏడుస్తాడు. రాత్రికి రాత్రి ఎవరికన్నా ఇచ్చేద్దాం. తెల్లారి పిల్లి పట్టుకపోయిందని చెప్దాంలే."

నేను జవాబు చెప్పలేదు. నాకు నా చిన్ననాటి సంగతి గుర్తుకొచ్చింది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఇంట్లో ఒక తెల్ల పుంజు ఉండేది. నా వెంబడే తిరిగేది. ఒకరోజు ఇంటికి దూరంనుండి పెద్దలు వచ్చారు. మధ్యాహ్నం కోడికూర, జొన్నరొట్టెలు. నేనూ తిన్నాను. సాయంత్రం పుంజు కనబడక వెతుకుతుంటే మా నాయన, "నక్క ఎత్తుకపోయిందమ్మా" అన్నాడు. నేను వంక పొడుగునా వెతికాను. రెండు రోజుల తర్వాత మా పెద్దమ్మ కొడుకు నవ్వుతూ అసలు సంగతి చెప్పేశాడు.

మా నాయన చెడ్డవాడు కాదు. ఇంటికి వచ్చిన పెద్దలకు మంచి భోజనం పెట్టాలి, చేతిలో డబ్బు లేదు, ఇంట్లో ఉన్నది ఆ పుంజే. పెద్దయ్యాక అదంతా నాకు అర్థమైంది. కోడిని కోయడం కూడా నాకు తప్పుగా తోచలేదు, మనం కోళ్ళు పెంచేదే దానికోసం. కానీ లేని నక్కకోసం నన్ను వంకలో వెతకనిచ్చాడు చూడండి, అది మాత్రం యాభై ఏళ్ళయినా నా మనసులోనుండి పోలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆయన ఏం చెప్పినా, ఇది నిజమేనా అని లోపల ఒకసారి అనుకునేదాన్ని. ఆయన ప్రభువునందు నిద్రించాడు. ఈ మాట ఆయనతో ఎప్పుడూ చెప్పుకోలేకపోయాను.

పేతురుగారి సంగతి మనందరికీ తెలిసిందే. ఆయన భయపడి ముమ్మారు బొంకాడు. ఆయనకు తన మాట గుర్తుచేసి ఏడిపించింది ఒక కోడి కూత (లూకా 22వ అధ్యాయం). అబద్ధాన్ని గుర్తుచేసిన ఆ పక్షి విషయంలోనే మనం పిల్లలతో అలవోకగా అబద్ధమాడుతుంటాం. పిల్లి ఎత్తుకపోయిందంటాం, నక్క ఎత్తుకపోయిందంటాం, చుట్టాల ఊరికి పోయిందంటాం. తెల్లవారితే మళ్ళీ వాకిట్లో ఏదో ఒక పుంజు కూస్తూనే ఉంటుంది.

కాబట్టి మరునాడు నేనే వాణ్ణి వేపచెట్టు కింద కూర్చోబెట్టుకుని చెప్పాను.

"ఎర్రోడు ఏం తప్పు చేసినాడు జేజీ?" అన్నాడు.

"తప్పేం లేదు నాయనా."

"మరి యాల పంపేది?"

వంకర కాళ్ళతో పుట్టిన పిల్లల్ని వాడే దిబ్బ దగ్గర పూడ్చివచ్చాడు. కాబట్టి ఆ సంగతి చెబితే అర్థమైంది. అర్థమైనంత మాత్రాన దుఃఖం తగ్గదు కదా. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. గంప పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. మేమూ బలవంతం చేయలేదు. ఏడ్చే హక్కు వాడికుంది అనుకున్నాం.

కోడికోసం అంత ఏడుపేమిటని కొందరు అనవచ్చు. 2024 జనవరిలో పేపర్లలో వచ్చిన ఒక వార్త గుర్తుందా? వరంగల్లు నుండి కరీంనగరం వచ్చిన ఆర్టీసీ బస్సులో ఎవరో ఒక పుంజును సంచిలో మరచిపోయారు. డిపోవాళ్ళు దాన్ని కట్టేసి మేత పెట్టి, ఎవరూ రాకపోయేసరికి వేలం వేస్తామని ప్రకటించారు. అప్పుడు, నెల్లూరు వైపునుండి ఆ ప్రాంతానికి పనికోసం వచ్చిన ఒకాయన, ఆ పుంజు నాది, నాకు ఇవ్వండి అని వీడియోలో వేడుకున్నాడు. వేలం ఆగిపోయింది. చదివినవాళ్ళు చాలామంది నవ్వుకున్నారు. మా మనవడు నవ్వలేదు. నాతాను ప్రవక్త దావీదు రాజుకు చెప్పిన పేదవాని గొర్రెపిల్ల కథ (2 సమూయేలు 12) ఎందుకు అంత గుచ్చుకుంటుందో ఇంట్లో ఒక జీవాన్ని చేతులతో పెంచినవాళ్ళకు బాగా తెలుస్తుంది.

సరే, పంపాలి. ఎక్కడికి?

మొదట వచ్చిన ఆలోచన కోత పండుగ. మన సంఘాల్లో కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు దేవుని సన్నిధికి తెచ్చి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు కదా. అది మంచి ఆచారమే. కానీ వేలంలో ఎవరు పాడుకుంటారో, తర్వాత ఏం చేస్తారో మన చేతిలో ఉండదు. "దేవునికిచ్చేది మనసారా ఇయ్యాల. వాడు ఏడుస్తుంటే ఇచ్చేది వద్దు, ఇంకో కోడినిద్దాం" అని మా ఇంటాయన అన్నాడు. అది నాకు న్యాయంగా తోచింది.

ఇంతలో ఒక శనివారం మోటారు సైకిలుమీద పుంజులు కొనేవాడు వచ్చాడు. ఎర్రోడిని చూడగానే బండి ఆపాడు. "డేగ పుంజు! మంచి ఎముకుంది. మూడు వేలిస్తా అక్కా" అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ నోట్లు చూసి నా మనసు లాగింది. ఆ నెల మిద్దె కురవకుండా బాగు చేయించుకోవాలి, చేతిలో పైసా లేదు. మామూలుగా కోసుకునేవాళ్ళకు అమ్మితే అందులో మూడో వంతు కూడా రాదు.

"యాడికి తీసుకపోతావు?" అన్నాడు మనవడు తలుపు చాటునుండి వచ్చి.

"సంక్రాంతికి కోస్తాకు పోతాదప్పా. బాదంపప్పులు పెట్టి రాజా మాదిరి మేపుతారు."

"ఆ తర్వాత?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఏమిటో మాకందరికీ తెలుసు. కాలికి కత్తి కడతారు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి మూడు రోజులు ఏం జరుగుతుందో టీవీల్లో ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాం. జంతువులను పోట్లాడించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. పందెం కాయడం 1974 నాటి మన రాష్ట్ర జూద చట్టం ప్రకారం నేరం. ఆ పందేల్లో పోయేది పుంజు ప్రాణమొక్కటే కాదు. పొలాలు తాకట్టు పెట్టిన ఇళ్ళున్నాయి. అలాంటి చోటికి నేను మూడేళ్ళు మేపిన జీవాన్ని పంపి, ఆ డబ్బుతో మిద్దె బాగు చేయించుకుంటే వాన పడిన ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది. "అమ్మేది లేదు నాయనా" అన్నాను. ఆయన బండి తిప్పుకుని పోయాడు. మిద్దె మాత్రం ఆ వానలకు కురిసింది. ఆ సంగతీ దాచను.

చివరికి దారి చూపింది మా ఆడబిడ్డ. ఆమెది జమ్మలమడుగు పక్క పల్లె. ఫోనులో సంగతి వినగానే, "మాకూ అదే కష్టం వదినా. మా నల్ల పుంజు పిల్లలే మా పెట్టలన్నీ. నువ్వు మీదాన్ని తెచ్చియ్యి, మాదాన్ని తీసుకపో" అంది. డబ్బు మాటే లేదు. పుంజుకు పుంజు. రెండిళ్ళకూ కొత్త రక్తం.

మనవడు ఫోను తీసుకుని మూడు మాటలు అడిగాడు. "పందేనికి ఇయ్యకూడదు. నేను వచ్చినప్పుడు చూపించాల. కోయకూడదు."

మొదటి రెండింటికీ ఆమె వెంటనే సరేనంది. మూడోదానికి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా అంది: "చూడప్పా, ఎప్పటికీ కోయనని నేను మాటియ్యలేను. కష్టం ఎప్పుడొస్తాదో, జబ్బు ఎప్పుడొస్తాదో నాకు తెలీదు. కానీ నీకు చెప్పకుండా మాత్రం కోయను. ఈ మాట నిలబెట్టుకుంటా."

వాడు కొంచెంసేపు ఆలోచించి, "సరే అత్తా" అన్నాడు. ఆ జవాబు విని నాకు ఆశ్చర్యం వేసింది. మనం పిల్లలకు తియ్యటి మాట కావాలనుకుంటాం. వాళ్ళు అడిగేది నిలబడే మాట. నిలుపుకోలేని పెద్ద మాటకంటే నిలుపుకోగల చిన్న మాట వాళ్ళకు చాలు.

క్రిస్మసుకు మూడు వారాల ముందు, తెల్లవారుజామున మొదటి బస్సుకు బయలుదేరాం. ఎండ ఎక్కకముందే చేరాలని. ఎర్రోడిని గాలాడే ఈతబుట్టలో పెట్టి పైన గుడ్డ కట్టాం. కండక్టరు దీనికీ టిక్కెట్టు కావాలంటే కొట్టించుకున్నాం. మనవడు ఆ టిక్కెట్టు ఇంకా తన బైబిల్లో దాచుకున్నాడు. దారి పొడుగునా బుట్టమీద చెయ్యి తీయలేదు.

అక్కడికి చేరాక వాడే ఎర్రోడిని ఎత్తి ఆడబిడ్డ చేతికిచ్చాడు. "పొద్దున సజ్జలు పెట్టు. తవుడు తడిపి పెడితేనే తింటాడు. తెల్ల గుడ్డ చూస్తే ఎగబడతాడు, పిల్లోళ్ళను దగ్గరికి రానీయొద్దు" అని ఒక్కొక్కటీ చెప్పాడు. పొగరు సంగతి కూడా దాచలేదు. అది విని నాకు సంతోషమైంది. తిరిగి వచ్చేటప్పుడు బుట్టలో నల్ల పుంజు. వాడు ఆ బుట్టమీద చెయ్యి పెట్టలేదు.

మీలో ఎవరికైనా ఇలా పుంజును మార్చుకోవలసి వస్తే, పశువుల ఆసుపత్రి అబ్బాయి మాకు చెప్పిన జాగ్రత్తలు మీకూ చెబుతాను. కొత్త పుంజును వచ్చిన రోజే మీ కోళ్ళలో కలపవద్దు. రెండు మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్ళ చిప్పతో ఉంచండి. ముక్కు కారడం, పచ్చగా పారడం, మెడ వాల్చడం ఉంటే ఆ లోపల బయటపడుతుంది. కొక్కెర తెగులు ఒక్క కోడికి వస్తే వాడవాడంతా తుడిచిపెడుతుంది. చిన్నపిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, రెండు నెలలు దాటినవాటికి ఆర్-2-బి టీకా వేయించండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఫారాల్లో కోళ్ళు ఎంతగా చచ్చాయో చూశాం. అలాంటి వార్త మీ చుట్టుపక్కల వినబడితే కోళ్ళను ఇటూ అటూ మార్చడం పూర్తిగా ఆపండి. ఒంటిమీద గోమార్లుంటే వాటిని పోగొట్టిన తర్వాతే కలపండి. కలిపే రోజు చీకటి పడ్డాక గూట్లో పెట్టెల పక్కన కూర్చోబెడితే తెల్లారి పోట్లాట తక్కువగా ఉంటుంది. మొదట్లో మెత్తటి గుడ్డతాడు కాలికి కట్టి ఉంచితే గూడు గుర్తు పడుతుంది.

గుడ్లకోసమైతే హైదరాబాదు రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థవారు తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు కూడా పెరట్లో పెరుగుతాయి. కానీ మన నాటుకోడి పొదిగినట్టు, పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని కాపాడినట్టు అవి చేయవు. కాబట్టి నాటు జాతి చెడకుండా చూసుకోవడం మన చేతుల్లోనే ఉంది.

వేసవి సెలవుల్లో మనవణ్ణి తీసుకుని ఆడబిడ్డ ఊరికి వెళ్ళాను. జేబునిండా సజ్జలు తెచ్చుకున్నాడు. ఎర్రోడు దిబ్బమీద పెట్టల మధ్య ఉన్నాడు. మెడ ఈకలు ఇంకా నిగనిగలాడుతున్నాయి. చుట్టూ ఎర్రటి కోడిపిల్లలు. వీడు "ఎర్రోడా" అని పిలిచాడు. అది ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ మట్టి గీరుకుంటూ పెట్టలకోసం కొక్కొక్కొ అని పిలిచింది. వీడి దగ్గరికి రాలేదు.

"మర్చిపోయినాడు జేజీ" అన్నాడు.

ఏం చెప్పాలో తోచలేదు. "లేదు నాయనా, గుర్తుంది" అని నాలుకమీదికి వచ్చింది. ఆపుకున్నాను. "అట్లనే ఉంది నాయనా" అన్నాను.

వాడు కొంచెంసేపు నిలబడి చూశాడు. సజ్జలు అక్కడే చల్లాడు. పెట్టలు, పిల్లలు, ఎర్రోడు అన్నీ వచ్చి తిన్నాయి. "కాళ్ళు వంకర పిల్లలు ఒక్కటీ లేవు జేజీ, లెక్కబెట్టినా" అన్నాడు.

ఇంటికి వచ్చిన మరునాడు పొద్దున నల్ల పుంజు గోడమీద కూసింది. ఐదు నెలలుగా దానికి పేరు లేదు. నల్లదనే పిలుస్తున్నాం. మనవడు పళ్ళు తోముకుంటూ, "దీని గొంతు కూడా బాగుంది" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. నేను కూడా అడగలేదు.

తల్లులారా, తండ్రులారా, మీ ఇంట్లో కూడా ఇలాంటి రోజు వస్తే పిల్లికీ నక్కకూ నింద వేయకండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నమాట చెప్పండి. ఏడిస్తే ఏడ్వనివ్వండి.

వచ్చే నెల ఎండాకాలం మజ్జిగ, రాగి అంబలి గురించి మాట్లాడుకుందాం. ప్రభువు మిమ్మును, మీ ఇంటివారిని, మీ పశువులను కాపాడును గాక.